ఒక్క గీత

ఓడరేవు శిక్షణ బడిలో పెద్దాయన ముప్పై ఏళ్లుగా, సూర్యుణ్ణి కొలిచి ఓడ ఎక్కడుందో లెక్కగట్టడం నేర్పుతున్నాడు. ఆయన దగ్గరే నేర్చుకున్న తమ్ముడి పడవలోకి ఒక ఉదయం నడిసముద్రంలో నీళ్లు చేరాయి.

“అన్నయ్యా, సూర్యుణ్ణి కొలిచాను. ఒక్క గీతే వచ్చింది,” అన్నాడు వైర్‌లెస్‌లో.

సూర్యుడు ఎటు ఉంటే, సముద్రపటం మీద ఆ గీత దానికి అడ్డంగా పడుతుంది. అప్పుడు సూర్యుడు తూర్పున ఉన్నాడు కనుక గీత ఉత్తర దక్షిణాలుగా సాగింది. పడవ దాని మీద ఎక్కడైనా ఉండొచ్చు.

“కంగారుపడకురా. మధ్యాహ్నానికి సూర్యుడు దక్షిణానికి తిరుగుతాడు. రెండో గీత దీన్ని దాటే చోటే నువ్వున్నట్టు. అప్పుడు చెప్పు.”

“సరే, చూస్తుంటాను.”

పదకొండింటికే మబ్బు కమ్మేసింది. మధ్యాహ్నానికి వైర్‌లెస్ మూగబోయింది. ఎటు వెతకమంటారని గాలింపు ఓడవాళ్లు అడిగితే, గాలివాటం చూసి పెద్దాయన ఉత్తరం అన్నాడు. నాలుగో రోజున పడవ ఆ గీతకు దగ్గర్లోనే, దక్షిణపు కొసన, ఖాళీగా దొరికింది.

ఆయన తమ్ముడి భార్య ముందు కూలబడ్డాడు. “నేనేనమ్మా వాళ్లను ఉత్తరానికి పంపింది.”

“మీ మాట మీద నమ్మకంతోనే ఆయన చివరిదాకా ధైర్యంగా ఉండుంటారు బావగారూ,” అందామె.

ఆ మాటకే ఆయన గుండె మరింత పగిలింది. మళ్లీ పాఠం చెప్పలేదు.