దిండుకు గుర్రాల మేత

మా మామయ్యకు నోట్లో నువ్వుగింజ నానదు. కుంటి ఉడుత గోడెక్కిన రోజున వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్రతి తలుపూ తట్టి మరీ చెప్పాడు. పాలాయన ఆ కథ రెండుసార్లు వినాల్సి వచ్చింది. వినందే గిన్నె అందించలేదు మరి!

మామయ్యది గుర్రపుశాలలో మేత వేసే పని. మోపులు విప్పి, దులిపి, ఏ గుర్రానికి ఏది ఎంతో చూసి తొట్లలో వేస్తాడు. అక్కడి మేతల్లో మహారాణి లూసర్న్ గడ్డి. పెంపుడు జంతువుల దుకాణాల్లో అల్ఫాల్ఫా అని రాసి అమ్మేది అదే. ఎండిన మోపు విప్పగానే కాడలు చేతిలో మిగులుతాయి, ఆకు పొడిపొడిగా కింద రాలుతుంది. బలమంతా ఆ ఆకులోనే! రాలిన ఆకు మోపు మోసినవాడిదని ఆ శాలలో ఎప్పటి నుంచో ఉన్న కట్టుబాటు. మామయ్య దాన్ని రవ్వంత కూడా వదలకుండా గుడ్డసంచిలోకి ఊడ్చుకుని ఇంటికి తెస్తాడు.

ఇంట్లో దాన్ని తినేవాళ్లు ఇద్దరు. మొదటిది తుర్రు, ఆ కుంటి ఉడుత. ఎవరో దాన్ని పసిగుడ్డుగా ఉన్నప్పుడు తెచ్చి, ఒట్టి వేరుశెనగలతో పెంచారు. వెనక కాళ్లు చచ్చుబడ్డాక మామయ్య చేతిలో పెట్టి పోయారు. ఆయన రోజూ ఆకుపొడి కలిపి పెట్టాడు, అది లేచి తిరిగింది. వేరుశెనగలు మానిపించిందీ, పొద్దున్నే కిటికీ దగ్గర ఎండలో కూర్చోబెట్టిందీ మా అత్తయ్య. ఆ సంగతి మాత్రం వీధిలో ఏ తలుపు దాకా పోలేదు.

రెండోది దిండు. అది అత్తయ్య పెంచుకున్న గినీ పంది, పేరుకు పందే గానీ కుందేలు పిల్లంత ఉంటుంది. అత్తయ్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మిషను పక్కన గుడ్డపేలికల బుట్టలో దిండు కూర్చుంటుంది. మిషను ఆగితే కీచుమంటుంది, నడిస్తే నిద్రపోతుంది. రోజంతా మాట్లాడేవాళ్లు లేని అత్తయ్యకు తోడు అదే. నేను పై వాటాలోనే ఉంటాను కదా, అత్తయ్య దాంతో చెప్పే కబుర్లు మెట్ల మీదికి వినిపిస్తుంటాయి.

మామయ్యది పెట్టే చెయ్యి. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అడక్కుండానే పెడతా!" అని ఆయన గొప్ప. భోజనానికి కూర్చుంటే గరిటె ఆయన చేతిలోనే ఉంటుంది. "చాలు" అంటే ఆయన చెవికి "ఇంకా" అని వినిపిస్తుందేమో, మరో రెండు గరిటెలు పడతాయి. తుర్రు లేచాక ఆ చెయ్యి దిండు మీద పడింది. పొద్దున ఓ గుప్పెడు ఆకు, సాయంత్రం ఓ గుప్పెడు. దిండు మామూలు ఎండుగడ్డిని ముట్టుకోవడమే మానేసింది.

"దానికేం జబ్బని రోజూ ఈ మందు?" అని అత్తయ్య ఒకసారి అంది.

"గుర్రాన్నే పరుగెత్తించే ఆకిది! ఈ పిడికెడు ప్రాణి మహారాజులా బతుకుతుంది చూడు!"

ఒక ఆదివారం పొద్దున అత్తయ్య కేక విని నేను మెట్లు దూకి వెళ్లాను. దిండు వీపు గూనిలా పెట్టుకుని ముక్కుతోంది, కీచుమంటోంది. కింద పరిచిన తెల్లగుడ్డ మీద ఎర్రటి చుక్క. ముగ్గురం బుట్టతో సహా ఆటో ఎక్కాం.

డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి వెలుతురుకు పట్టింది. చిన్న తెల్ల చుక్క. "మూత్రంలో రాయి. ఏం పెడుతున్నారు దీనికి?"

"లూసర్నండీ! కాడ కూడా కలవని ఆకు!" అన్నాడు మామయ్య, మెచ్చుకుంటుందని.

"ఎదిగే పిల్లకో, కడుపుతో ఉన్నదానికో అయితే మంచిదే. ఇది ఎదిగిపోయింది. రోజూ పెడితే అందులోని కాల్షియం ఎక్కువై కొన్నిటికి ఇలా రాయి కడుతుంది. మామూలు ఎండుగడ్డే దీని భోజనం."

"మరి మా ఉడుత దీంతోనే లేచిందండీ!"

"వేరుశెనగలే తింటే దానికి కాల్షియం అందదు. ఆకు కాస్త సాయం చేసి ఉంటుంది. అవి మానిపించడం అసలు మేలు." మామయ్య అత్తయ్య వైపు చూశాడు. ఆవిడ చూపు దిండు మీదే ఉంది. డాక్టరమ్మ మళ్లీ అడిగింది. "మీ శాలలో గుర్రాలన్నిటికీ లూసర్నే వేస్తారా?"

"అబ్బే, పరుగెత్తేవాటికి, కడుపుతో ఉన్నవాటికే. ఊరికే నిలబడే ముసలి గుర్రాలకు మామూలు ఎండు..."

గడ్డి అనబోయి ఆయన దిండు వైపు తిరిగాడు.

రాయి కిందికి జారి బయటికి వచ్చే దారిలోనే ఉందనీ, సాయంత్రం దాకా చూద్దామనీ డాక్టరమ్మ అంది. రాకపోతే మత్తిచ్చి తీయాలి. ఇంత చిన్న ఒంటికి మత్తు తట్టుకోవడం కష్టమని కూడా చెప్పింది. నొప్పికి మందిచ్చి పంపింది.

ఇంటికొచ్చాక చూడాలి! అత్తయ్య ఒళ్లో కొత్త తెల్లగుడ్డ, దాని మీద దిండు. తడి ఆకుకూర ఒక్కో రెమ్మా అందిస్తోంది. మామయ్య కాలుకాలిన పిల్లిలా వసారాకూ గదికీ తిరుగుతున్నాడు. ఆయన వీధిలో ముందే చెప్పేశాడు కాబట్టి కిటికీ దగ్గర తలలు మారుతున్నాయి. "పోసిందా?" అని ఒకరు, "ఇంకా లేదా?" అని ఇంకొకరు. ఒక గినీ పంది మూత్రం కోసం అంతమంది ఊపిరి బిగబట్టడం నేను ఎక్కడా వినలేదు. నేనైతే గోళ్లన్నీ కొరికేశాను.

ఎండ వాలుతుండగా దిండు ఒళ్లు సాగదీసింది. గట్టిగా కీచుమంది. గుడ్డ తడిసింది. ఆ తడిలో ఆవగింజ కంటే కాస్త పెద్దది, ఏదో ఉంది. అత్తయ్య వేలితో నొక్కింది.

"రాయే! రాయేనండీ! వచ్చేసింది!"

గొంతెత్తి ఎరగని అత్తయ్య ఆ కేక పెట్టేసరికి తుర్రు కిటికీ తెర మీదికి ఒక్క పరుగు తీసింది, నేను ఎగిరి గుండీల డబ్బా తన్నేశాను, కిటికీ బయట చప్పట్లు మోగాయి. మామయ్య గుండీల మధ్య చతికిలబడి నవ్వుతూ ఏడ్చాడు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, "హమ్మయ్య! రేపు తీసుకురండి, ఇంకేమైనా మిగిలిందేమో చూద్దాం" అంది. అంతలో దిండు ఆకలికి ఈల వేసింది. మామయ్య చెయ్యి అలవాటుగా గుడ్డసంచి వైపు వెళ్లింది. మధ్యలో ఆగి, ఎండుగడ్డి తీసింది. దిండు అలిగి, కాసేపు చూసి, కొరకడం మొదలుపెట్టింది.

ఆ పూట అందరం అక్కడే తిన్నాం. "ఈ ఆకు రేపు కడుపుతో ఉన్న గుర్రానికి వేసేస్తా" అంటూ మామయ్య గరిటె నిండా కూర తీసి అత్తయ్య కంచం మీదికి వంచబోయాడు. అత్తయ్య కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"దిండుకు నోరు లేదు. నాకుంది కదండీ! పెళ్లయినప్పటి నుంచీ ఒక్కసారి అడిగారా?"

గరిటె గాల్లోనే ఉంది. ఏదో వేళాకోళం ఆడేస్తాడనుకున్నాను.

"వెయ్యనా?" అన్నాడు. ఆ గొంతు నాకు కొత్త.

అత్తయ్య ఆలోచించింది. తొందరేం పడలేదు. "సగం" అంది.

మామయ్య సగం వేసి, ఆవిడ ముఖంలోకి చూశాడు. "చాలా?"

"చాలు."

ఆయన గరిటె తిరిగి గిన్నెలో పెట్టేశాడు.