బెల్లం పాకం మీద రెండంతస్తుల రైలు

మామగారి తలపాగా మీదికి రైలెక్కించిన అల్లుడు కోవిల్‌పట్టి మొత్తానికి నేనొక్కణ్ణే. ఆ ఘోరానికి కారణం మా రాజమ్మ కాచిన పాకమేనని బంధువులు నేటికీ చెప్పుకుంటారు. అది అబద్ధం. నన్ను చూసి ఎంతైనా నవ్వండి, ఆవిణ్ణి మాత్రం ఏమీ అనకండి.

మా పెళ్లయిన ఏడు చిన్నాన్న కొలంబు నుంచి తాళం తిప్పితే నడిచే రేకు బొమ్మరైలు తెచ్చాడు. బుద్ధున్నవాడు దాన్ని నేలమీద తిప్పుకుంటాడు. నాకు మాత్రం రెండంతస్తుల దారి కావలసివచ్చింది. కింద ఒక చుట్టు, అక్కణ్ణించి ఏటవాలుగా ఎక్కి పైన ఇంకో చుట్టు. మా వైపు పాలం అంటారే, ఆ వంతెనకు ఖాళీ అగ్గిపెట్టెలు పేర్చి స్తంభాలు లేపాను. అంటించడానికి జిగురేదీ?

ఆ రోజు కార్తిక దీపం. విరుదునగరం నుంచి రాజమ్మ తండ్రి సారె తెస్తున్నాడు. బొరుగుల ఉండలకు కొత్త కోడలు తొలిసారి పాకం పట్టింది. చుక్క నీళ్లలో వేసి, గట్టిపడ్డాక కంచానికేసి కొడితే టంగుమంది. మా అమ్మ మెప్పు ఇక చేతికందినట్టేనని మురిసిపోతూ బొరుగులు తేవడానికి లోపలికెళ్లింది.

జిగురు దొరికిందని నేను గిన్నె మీద పడ్డాను. పాకం నా కంటే చురుకైనది, పూసేలోపే బిగుసుకుపోతోంది. ఏం చేశాననుకున్నారు? చెంబెడు వేణ్ణీళ్లు గిన్నెలో కుమ్మరించాను!

సాయంత్రానికి ఉండలు పాయసమయ్యాయి. అయినా నా ఉత్సాహం తగ్గలేదు, సారెతో దిగిన మామను రైలు దగ్గరికి లాక్కెళ్లాను.

"మామా, వంగి చూడండి, కింద దారి ఎట్లుందో!"

ఆయన పాపం వంగాడు. పైన రైలు మలుపు తిరిగింది. స్తంభాలు తాగినవాళ్లలా ఒకదానిమీదొకటి ఒరిగాయి. రైలు తలపాగా మీద దిగి, పాకానికి అంటుకుని, అక్కడే చక్రాలు తిప్పుతూ ఉండిపోయింది. వెంట టిక్కెట్టు లేని చీమలు.

"ఏం మాప్పిళ్ళా, స్టేషన్ వచ్చేసెనా?" అన్నాడు మామ ఈ అల్లుణ్ణి, కదలకుండా.

అమ్మ మాత్రం నవ్వలేదు. "ఉండలూ పాయె, పాలమూ పాయె. ఏం అన్నా, మీ ఊళ్లో బెల్లం పాగు ఇట్నే కాస్తారా?"

మామ నవ్వు ఆగిపోయింది. అప్పుడు నేను, ఈ నోటితోనే, "అవునమ్మా, పాగు లేతది" అన్నాను.

రాజమ్మ నన్నొకసారి చూసి, తలపాగా కడగడానికి తీసుకుపోయింది. ఆపైన అమ్మ ఆమెను బెల్లం గిన్నె ముట్టనివ్వలేదు. మామ ఏటా సారెతో ఉండలు కూడా చేయించి మోసుకొచ్చేవాడు. నేను సిగ్గులేకుండా తినేవాణ్ణి.

మొన్న కార్తికానికి, అమ్మా మామా ఇద్దరూ లేని ఇంట్లో, రాజమ్మ పాకం పట్టడానికి పొయ్యి ముందు కూర్చుంటే చెంబు సంగతి చెప్పేశాను.

"తెలుసును. టంగుమనింది నా చెవులతో విన్నానే! ఇంట్లో ఉండింది మీరొకరే కదా."

"మరి అప్పుడే చెప్పకూడదా?"

"పాలం పడినప్పుడు మీ మొగం చూస్తిని. తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లోని మాదిరి ఉండె. సరి, పోనీ అనుకుంటి. మీ చేతిలో ఉండే ఆ చెంబు ఇట్ల ఇయ్యండి ముందు."

కనుక కార్తిక దీపం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై రైలు నేలమీదే తిప్పుతాను. ఈ ఇంట్లో ఏది కూలినా, ఎవరినైనా అనేముందు నా చేతిలో చెంబుందేమో చూసుకుంటాను.