నంబర్ల బాబాయి

మా బాబాయికి పేర్లంటే గిట్టదు. మనుషుల పేర్లు కాదు, వస్తువుల పేర్లు. పేరు చెవిన పడగానే మనిషికి కళ్ళు మూసుకుపోతాయని ఆయన గట్టి నమ్మకం. అందుకని కనిపించిన ప్రతిదానికీ పేరు పీకేసి నంబరు తగిలిస్తాడు.

ఉద్యోగం అలాంటిది మరి. విత్తన పరీక్షల కేంద్రానికి ఆయన పెద్ద, కొలతలు రాసేదాన్ని నేను. రైతులు తలా ఒక రకం వరి విత్తనం తెచ్చిస్తారు. పన్నెండు రకాలు పన్నెండు మళ్లలో వేసి, మడికో నంబరు పలక పాతుతాం. ఏది ఎవరిదో మా ఇద్దరికి తప్ప తెలియదు. కోతల ముందు రైతులొచ్చి, నచ్చిన మడి ముందున్న డబ్బాలో గులకరాయి వేస్తారు. ఎక్కువ రాళ్లు పడ్డ విత్తనాన్ని మరుసటి పంటకి అందరికీ పంచుతాం.

ఇంతవరకూ బాగానే ఉంది. ఈ జబ్బు ఇంటికి పాకడంతోనే మా ప్రాణం మీదికొచ్చింది. వంటింట్లో డబ్బా మూతలన్నిటి మీదా నంబర్లే. ఆరు పంచదార, తొమ్మిది ఉప్పు. ఓ రోజు మూత తిరగబడి, పక్కింటావిడకి ఉప్పు టీ అందింది. ఆవిడ మళ్లీ మా గడప తొక్కితే ఒట్టు!

"పంచదార అని రాస్తే మీ సొమ్మేం పోయింది?" అని పిన్ని తల బాదుకుంది.

"పేరు చదివితే నాలుక పని చెయ్యదే."

"పక్కింటావిడ నాలుక బాగానే పనిచేసిందిగా!"

జ్వరమొస్తే డాక్టరు దగ్గరా అంతే. "మందు పేరు చెప్పకండి, నంబరేసి ఇవ్వండి" అన్నాడు బాబాయి. "మీ నంబరు పద్నాలుగు. బయట కూర్చోండి" అన్నాడు డాక్టరు.

ఇక రోజూ పొద్దున్నే టీ పరీక్ష. పిన్ని, నాయనమ్మ, నేను తలో గ్లాసు చేసి పెట్టాలి. గ్లాసు అడుగున నంబరుంటుంది. మూడూ తాగి, గ్లాసులు తిరగేసి చూసి, బాబాయి నా చెవిలో చెప్పేవాడు. "ఎవరికీ చెప్పకు. నీది రెండోదమ్మా. వెంట్రుకవాసిలో తప్పింది." నాలుగేళ్ల పాటు నేను ఈ బిరుదుతోనే తలెత్తుకు తిరిగాను.

ఆ ఏడాది పరీక్షకి మీసాల తాత కూడా విత్తనం తెచ్చాడు. వాళ్ల నాన్న కాలం నాటిది. వరసగా రెండేళ్లు గాలికి ఆయన చేనంతా పడిపోయింది. మూడోసారీ పడిపోతే ఇంట్లో తిండిగింజలుండవని ఆయన కోడలు మా పిన్ని దగ్గర కళ్ళనీళ్లు పెట్టుకుంది. విత్తనం మార్చమని ఎవరైనా అంటే చాలు, తాత చేతికర్ర ఎత్తేవాడు. "అంటే మా నాన్నకి తెలివి లేదంటావా?"

కోతలకి వారం ముందు గాలివాన కొట్టింది. తాత విత్తనం వేసిన నాలుగో మడి చాప పరిచినట్టు పడుకుంది.

రాళ్లు వేసే రోజు తాత గట్లన్నీ తిరిగాడు. వెన్నులు పట్టి చూశాడు, గింజ కొరికి చూశాడు. ఏడో మడి దగ్గర ఆగి, "పంటంటే ఇదయ్యా! చెక్కుచెదరలేదు!" అని డబ్బాలో రాయి వేశాడు. అంతటితో ఊరుకోవచ్చుగా! నాలుగో మడిలోకి కర్ర చూపించి, "ఇదెవడిది? వాడికి బుద్ధుందా? పశువులు పడుకోడానికి వేశాడా?" అని అరిచాడు.

నేను నవ్వాగక కొంగు నోట్లో కుక్కుకున్నాను. బాబాయి మాత్రం మబ్బులు లెక్కపెడుతున్నాడు. "ఎవరిదైతేనేం మావయ్యా, నంబరు నాలుగు" అన్నాడు.

ఏడో నంబరు గెలిచింది. తీరా చూస్తే అది గేదెల అక్క విత్తనం. ఆమెకీ తాతకీ గట్టు తగాదా, పదేళ్లుగా మాటల్లేవు.

"నా రాయి నాకిచ్చెయ్" అన్నాడు తాత.

"అదెలా కుదురుతుంది మావయ్యా? మెచ్చింది నీ కళ్ళేగా!"

తాత గొంతు బాగా తగ్గించి, "మరి... మా నాన్నది?" అన్నాడు.

ఉన్న మాట చెబితే ఈ మొండి మనిషి పంతానికి పోయి మళ్లీ అదే చల్లుతాడు. బాబాయి ఆయన చెవిలో ఏదో ఊదాడు. తాత మీసం పైకి లేచింది. కేంద్రంలో నిల్వ ఉన్న ఏడో నంబరు విత్తనాల సంచి భుజాన వేసుకుని, పోతూ పోతూ నా దగ్గర ఆగాడు.

"ఎవరికీ చెప్పకమ్మా. మా నాన్నది రెండోదట. వెంట్రుకవాసిలో తప్పిందట!"

ఆయన వెనకే ఇంకో రైతు. "ఎవరికీ చెప్పకమ్మా, మాది రెండోది." ఆయన వెనక ఇంకొకాయన. చీకటి పడేలోగా పదకొండు మంది రెండోవాళ్లు తేలారు.

"ఇదేం అన్యాయం బాబాయ్?" అని నిలదీశాను.

"చల్లడానికి మొదటిది తెలిస్తే చాలమ్మా. చివరిదెవరిదో చెప్పి ఎవరి పరువు తీయమంటావ్?" అంటూ నంబరు పలకలు కడుక్కోవడంలో పడ్డాడు. మరుసటి పంటకి తాత చేను నిటారుగా నిలబడింది, కోడలు గాదె నింపుకుంది.

పరీక్ష అయిన మర్నాడు పొద్దున్నే, చేతిలో టీ గ్లాసుతో, నాకో అనుమానం వచ్చింది. వెళ్లి నాయనమ్మని పట్టుకున్నాను.

"నీ టీ ఎన్నోదంటాడు నాయనమ్మా?"

"నీకెందుకే! ఎవరికీ చెప్పొద్దన్నాడు" అని అటూ ఇటూ చూసి, మురిసిపోతూ రెండు వేళ్లు చూపించింది.

ఎప్పుడూ పిన్ని టీ తాగే నేను, మొదటిసారి నా గ్లాసులోది ఒక గుక్క తాగి చూశాను. రామరామ! నాలుగేళ్లుగా రోజూ ఆ పాపిష్టి టీ చుక్క మిగల్చకుండా తాగాడు మా బాబాయి.