పద్దెనిమిదో గుంత దగ్గర జానెడు బేరం

నాది కుడిచేతి వాటం. అయినా ఎడమచేతి వాళ్ళ కోసం చేసిన గోల్ఫ్ కర్రల సెట్టు కొన్నాను. తెలియక కాదు, తెలిసే కొన్నాను. మలేషియాలోని పోర్ట్ క్లాంగ్‌లో, జపాన్ నుంచి కంటైనర్లలో వచ్చే పాత సామాను అమ్మే షెడ్డు ఒకటుంది. కుడిచేతి సెట్టు ఆరు వందల రింగిట్లన్నాడు. మూలన దుమ్ము పట్టిన ఎడమచేతి సెట్టును ఎవరూ అడగడం లేదని కనిపెట్టి, గంటసేపు నిలబడి నూటయాభైకి దింపాను. పైన రెండు డజన్ల పాత బంతులు కొసరు వేయించుకున్నాను. చెయ్యి మార్చుకోవచ్చు, ఆ ధర మళ్ళీ రాదు అన్నది నా లెక్క. మా ఊరు బంటింగ్‌లో ఇంతకన్నా తెలివైన బేరం ఎవరూ చేసి ఉండరని ఇప్పటికీ నా అభిప్రాయం.

దెయ్యాల సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నేను నమ్మను. మాది మూడు తరాల కిరాణా కొట్టు. కంటికి ఆనని సరుకుకి మా ఇంట్లో ఎవరూ ఖరీదు కట్టరు. అరటిచెట్టు కింద జుట్టు విరబోసుకున్న ఆడదెయ్యం ఉంటుందని చిన్నప్పుడు పక్కింటి పిల్లలు భయపెడితే, మా కొట్టుకి వస్తే వరసలో నిలబడమనండి అనేదాన్ని.

కాబట్టి ఇప్పుడు రాయబోయేది కథలా చదవకండి. పట్టపగలు, ఎండలో, నలుగురి ముందు జరిగింది.

సైబర్‌జయలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో అకౌంట్స్ చదివాను. మొదటి సెమిస్టర్‌లో ఏదో ఒక ఆటలో చేరడం తప్పనిసరి. బ్యాడ్మింటన్‌కి పేర్లు రాసుకునే బల్ల ముందు వరస తలుపు దాటి బయటికి వచ్చేసింది. ఆడపిల్లల గోల్ఫ్ జట్టు బల్ల దగ్గర మాత్రం కోచ్ రోస్నా గారు ఒక్కరే కూర్చుని బిస్కెట్లు తింటున్నారు. ప్రాక్టీసు రోజుల్లో మధ్యాహ్నం భోజనం ఉచితమని అక్కడ రాసి ఉంది. నేను గోల్ఫ్ క్రీడాకారిణి కావడానికి వెనక ఉన్న ఆశయం అదే.

మొదటి రోజు ఆవిడ నా సంచీ విప్పి, ఒక కర్ర తీసి అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది లెఫ్ట్ హ్యాండ్ సెట్ లా," అన్నారు, మా దేశంలో అందరూ మాట చివర తగిలించే 'లా'తో.

"తెలుసు కోచ్."

"నువ్వు ఏ చేత్తో రాస్తావు?"

"కుడి చేత్తో."

ఆవిడ నా మొహం చూశారు, కర్రల వైపు చూశారు. తర్వాత తన బిస్కెట్ల పొట్లం మొత్తం నాకిచ్చేశారు. జాలి అనుకుంటాను.

మొదటి ఏడాది నా బంతి వెళ్ళని చోటు లేదు. చెరువులోకి, పక్క మైదానంలోకి, ఒకసారి గడ్డి కోసే బండి సీటు కిందకి. మొదటి పోటీలో నూట ముప్పై ఒక్క దెబ్బలు కొట్టాను. గోల్ఫ్‌లో ఎంత తక్కువ దెబ్బల్లో ముగిస్తే అంత గొప్ప. వ్యాపారంలో పెరిగినదాన్ని కదా, అంకె పెద్దదైతే సంతోషపడే అలవాటు పోవడానికే నాకు ఏడాది పట్టింది.

కానీ ఆ మూడేళ్ళంత బాగా నా బతుకులో ఏ రోజులూ గడవలేదు. తెల్లవారకముందే యూనివర్సిటీ వ్యానులో ఇపో ఊరికో జొహోరుకో బయలుదేరడం, దారిలో అరిటాకు పొట్లాల్లో కొబ్బరిపాల అన్నం, నాసి లెమాక్, తినడం, ఆడిటింగ్ పరీక్షకి వెనక సీట్లో కూర్చుని ఒకరికొకరు పాఠం అప్పజెప్పుకోవడం, హాస్టల్ వరండా అంతా మా తడి బూట్లు. మూడో ఏడాదికి ఎనభై అయిదు దగ్గర తిరుగుతున్నాను. మిగతా యూనివర్సిటీల పిల్లలకి నా పేరు తెలియదు. ఎడమచేతి పిల్ల అంటే తెలుసు.

చివరి సెమిస్టర్‌లో అసలు విషయం వచ్చింది. ఆసియా యూనివర్సిటీల పోటీకి మా జట్టు థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ వెళ్ళాలి. నాలుగు సీట్లు. మూడు ఖాయమయ్యాయి. నాలుగోదానికి నేనూ, ఐనా అనే జూనియరూ మిగిలాం. అంతర్ విశ్వవిద్యాలయాల పోటీ ఆఖరి రోజున నేను ఎనభై రెండు గాని, అంతకు తక్కువ గాని కొడితే సీటు నాది. ఎనభై మూడైతే ఐనాది. కోచ్ మాటంటే మాటే.

నేను అంతకుముందు విమానం ఎక్కలేదు. చదువవగానే క్లాంగ్‌లో ఆడిట్ ఆఫీసు ఉద్యోగం సిద్ధంగా ఉంది, కర్రల సంచీ అటక ఎక్కడానికి సిద్ధంగా ఉంది. ఇదే ఆఖరి అవకాశమని ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే నాన్న ఎన్నడూ లేనిది ఒక పూట కొట్టు మూసి, నాయనమ్మని కారులో ఎక్కించుకుని వచ్చాడు.

మైదానం మా ఊరికి అరగంట దూరం. ఒకప్పుడు రబ్బరు ఎస్టేటు. తర్వాత రబ్బరు నరికి పామాయిల్ వేశారు, అదీ తీసేసి గడ్డి పరిచారు. చూడటానికి వచ్చినవాళ్ళు పక్కనున్న సిమెంటు బాట దాటి లోపలికి రాకూడదు. నాన్న బాట మీద నిలబడ్డాడు. నాయనమ్మ క్యాంటీన్‌లో ఫ్యాను కింద కూర్చుంది.

పదిహేడు గుంతలయ్యేసరికి డెబ్బై ఏడు. పద్దెనిమిదోది ఆఖరిది. అక్కడ నా మూడో దెబ్బ గుంత చుట్టూ గడ్డి నున్నగా కత్తిరించిన గ్రీన్ పక్కనున్న ఇసుక గుంటలో పడింది. నాలుగో దెబ్బతో బయటికి తీసి, రూలు ప్రకారం నా అడుగుల గుర్తులు పోయేలా ఇసుకంతా నేనే దంతెతో దువ్వాను. బంతి గుంతకి ఎనిమిది అడుగుల దూరంలో ఆగింది. ఒక్క దెబ్బలో పడితే ఎనభై రెండు. రెండైతే ఎనభై మూడు.

నేల ఎడమకి వాలినట్టు కనిపిస్తోంది. అలాంటప్పుడు గుంతకి కాస్త కుడివైపు గురిపెట్టాలి. పొద్దున్నుంచీ అందరూ అలాగే కొట్టారు. కుడిచేతి వాళ్ళు ఆ చోట నిలబడితే ఇసుక గుంట వాళ్ళ వీపు వెనకుంటుంది. ఎడమచేతి కర్రతో నిలబడ్డాను కాబట్టి నేను దానికి ఎదురుగా ఉన్నాను.

ఇసుక మధ్యలో ఒక ఆవిడ గొంతుక్కూర్చుని ఉంది. నడుముకి చుట్టిన పాత సారోంగు, పైన మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా, తలకి గుడ్డ. గడ్డి పీకే పనివాళ్ళలో ఒకరనుకున్నాను. పని మధ్యలో ఆగి చూస్తున్నట్టుంది.

"ఎటేపు సూస్తన్నావే గుంటా," అంది. "ఎడం పక్కకి జానెడు."

ఆడపిల్లని గుంట అనే అచ్చం మా ఇంటి తెలుగు. నా ఈడు పిల్లలు అర్థం చేసుకుంటారే తప్ప మాట్లాడరు. అంత చక్కగా విని ఎన్నాళ్ళయిందో. నేను ఆశ్చర్యపోవాలి, లేదా ఊరుకోవాలి. రెండూ చెయ్యలేదు. ఎవరైనా అంకె చెబితే సగానికన్నా తక్కువకి అడగడం మా రక్తంలో ఉంది.

"జానెడెందుకు? బెత్తెడు సాలదేటి?" అన్నాను.

"బెత్తెడు నీ కొట్లో అమ్ముకోయే. ఇక్కడ జానెడే."

తల దించి, గుంతకి ఎడంగా జానెడు గురిపెట్టి కొట్టాను. బంతి నేరుగా వెళ్ళి, ఆగిపోతుందనగా, ఎవరో పిలిచినట్టు కుడివైపుకి తిరిగి గుంతలో పడింది.

బాట మీద నాన్న చప్పట్లు కొట్టాడు. నాన్న చప్పట్లు కొట్టగా నేను చూడటం అదే మొదలు. చుట్టూ ఉన్నవాళ్ళని పట్టుకుని, "పడిపోనాది లా, సూసినారా, మా పిల్ల," అని మలయ్ వాళ్ళకీ చైనీస్ వాళ్ళకీ తెలుగులోనే చెబుతున్నాడు. నేను గంతులు వేశాను. ఆవిడకి చూపిద్దామని తిరిగాను.

ఇసుకలో ఎవరూ లేరు. నా దంతె గీతలు నేను దువ్వినవి దువ్వినట్టే ఉన్నాయి. పిట్ట కాలు గుర్తు కూడా లేదు.

గోల్ఫ్‌లో మన అంకెలు మనం వేసుకోం. తోడుగా ఆడే మనిషి వేస్తుంది. నాకు వేసింది ఇంకో యూనివర్సిటీ పిల్ల హుయ్ మిన్. జెండా పట్టుకుని నాకు నాలుగడుగుల్లో నిలబడింది.

"నువ్వు దండం పెట్టుకుంటున్నావనుకున్నా. చాలాసేపు పెట్టుకున్నావు లా," అంది.

"అక్కడ కూర్చున్న ఆంటీ కనబడలేదా?"

"ఏ ఆంటీ?" అని, ముక్కు చిట్లించి నా బూట్లు చూసింది. "దేన్నయినా తొక్కావా? పుల్లటి వాసన వస్తోంది."

నాకూ వస్తోంది. పులిసిన రబ్బరు పాల వాసన. మా ఊళ్ళో పాత రబ్బరు షీట్ల గోడౌన్ పక్కన పెరిగిన నేను దాన్ని పొరబడను.

కార్డు మీద సంతకం పెట్టే బల్ల దగ్గరికి వెళ్ళేసరికి సంతోషం కొంచెం దిగి, రూలు గుర్తొచ్చింది. బయటివాళ్ళు వాళ్ళంతట వాళ్ళు సలహా ఇస్తే తప్పు లేదు. ఆడేవాళ్ళు అడిగితే రెండు స్ట్రోకుల శిక్ష, అంటే లెక్కలో రెండు దెబ్బలు అదనం. బెత్తెడు చాలదా అని నేను అడిగాను.

ఎవరికీ తెలియదు. హుయ్ మిన్ ఎనభై రెండు వేసి కార్డు నా చేతికిచ్చింది. కలం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. చివరికి రిఫరీకి, తెల్ల టోపీ పెట్టుకున్న ఒక చైనీస్ పెద్దాయనకి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నవ్వలేదు. బయట ఎండలోకి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"మనిషేనా? మనిషి కాకపోతే నా పుస్తకంలో శిక్ష లేదు."

నేను తప్పించుకునే తలుపు ఆయనే తీసి పెట్టాడు. నేను అందులోంచి వెళ్ళలేకపోయాను. మనిషి కాదనాలంటే దెయ్యాలున్నాయని ఒప్పుకోవాలి. ఒక విమానం టికెట్టు కోసం ఇరవై ఒక్కేళ్ళ అభిప్రాయం అమ్మేయడమా.

"మనిషే అంకుల్."

"అయితే రెండు."

"ఒకటి వేసుకోండి అంకుల్. ఆవిడ కొత్తగా ఏమీ చెప్పలేదు, మొదట చెప్పిందే మళ్ళీ చెప్పింది."

"ఇది సంత కాదమ్మా. ఫిక్స్‌డ్ ప్రైస్ లా."

సీటు ఐనాకి వెళ్ళింది. ఆ పిల్ల నా భుజం మీద తల పెట్టి ఏడిస్తే, నేనే క్యాంటీన్‌కి తీసుకెళ్ళి ఐస్ కచాంగ్ అనే తీపి మంచు తురుము ఇప్పించాను. కోచ్ నా దగ్గరికొచ్చారు. మళ్ళీ ఒక బిస్కెట్ల పొట్లం ఇచ్చారు. ఈసారి అందులో ఆవిడ కూడా తిన్నారు.

నాయనమ్మకి అంతా చెప్పాను. నాన్న అడ్డం వచ్చాడు. "నాను సూస్తానే ఉన్నాను. ఇసకతోటి మాటాడినాది ఇది."

"దెయ్యంతోటి కూడా బేరమాడినావేటే," అని నాయనమ్మ ఫ్లాస్కు పట్టుకుని నవ్వి నవ్వి దగ్గింది. "ఆ ఎస్టేటులో మనోళ్ళు ఎవులూ పన్జెయ్యలేదు. ఆ యమ్మ ఎవులో మనకేటి తెలుస్తాది. సెప్పిన కాడికి తీసుకోవాలి గానీ."

నాన్న కూడా నవ్వాడు. కారులో ఇల్లు చేరేదాకా ముగ్గురం నవ్వుతూనే ఉన్నాం. ఓడిపోయి వస్తున్న కారులా లేదది.

వారం తర్వాత ఒక్కదాన్నే వెళ్ళాను. గడ్డి చూసుకునే మునియాండి అన్నని అడిగితే, ఆ వేళకి ఆడ పనివాళ్ళెవరూ ఉండరని చెప్పాడు. పద్దెనిమిదో గ్రీన్ కింద ఎస్టేటు కాలంనాటి కాలువ ఒకటి పూడ్చి ఉందట. పెద్ద వాన పడ్డాక అక్కడ నేల కాస్త దిగుతుంది. కంటికి తెలియదు, బంతికి తెలుస్తుంది. పోటీ ముందురోజు రాత్రి పెద్ద వాన పడింది. కాలువ ఎక్కడుందో ఆ ఎస్టేటులో తిరిగినవాళ్ళకి తెలిసి ఉండొచ్చు. మాకు కొట్టుందని ఎలా తెలిసిందో నేను చెప్పలేను. హుయ్ మిన్‌కి వాసన ఎలా వచ్చిందో కూడా చెప్పలేను. ఇప్పటికి చాలాసార్లు ఆలోచించాను, ఎటూ తేలలేదు.

తేలింది ఒక్కటే. పదిహేడు గుంతలకి డెబ్బై ఏడు, పద్దెనిమిదోదానికి అయిదు, అడిగినందుకు రెండు, మొత్తం ఎనభై నాలుగు. ఆవిడ మాట వినకుండా అందరిలా కుడివైపు కొట్టి ఉంటే బంతి తప్పి ఎనభై మూడయ్యేది, అప్పుడూ సీటు ఐనాదే. కాబట్టి ఆవిడతో రెండు మాటలకి, బంతి అలా తిరిగి గుంతలో పడటానికి, నాన్న చప్పట్లకి కలిపి నాకు నికరంగా పడింది ఒక్క స్ట్రోకు.