ఈల పట్టినవాడి ఎడమ చెవి

మా లోయలో కాస్పర్ గిస్లర్ కాపాడిన చెవులు తక్కువలో తక్కువ వెయ్యి ఉంటాయి. కాపాడలేకపోయినది ఒక్కటే. అది ఆయన సొంత చెవి, ఎడమది.

ఇరవై ఆరేళ్లపాటు ఆయన మా గ్రామ షూటింగ్ రేంజికి మాస్టరు. మా దేశపు చట్టం ప్రకారం సైన్యం జాబితాలో పేరున్నవాళ్లు ఏటా ఇంట్లోని రైఫిలు భుజాన వేసుకొచ్చి, మూడు వందల మీటర్ల అవతలి గురిబల్లల మీద ఇరవై తూటాలు పేల్చి వెళ్లాలి. వాళ్లు ఎప్పుడు పేల్చాలో, ఎప్పుడు ఆపాలో కాస్పర్ మెడలోని ఇత్తడి ఈల చెబుతుంది. పదకొండు ఆవులూ, గడ్డి పెరిగే ఒక కొండవాలూ తప్ప ఆస్తి లేని మనిషికి ఊళ్లో ఉన్న గౌరవమంతా ఆ ఈలకు కట్టిన దారానికే వేలాడుతుండేది.

నిలబడి కాల్చే షెడ్డు గుమ్మంలో ఒక పసుపు గీత ఉంటుంది. తుపాకీ మోత ఆపే చెవి కప్పులు పెట్టుకోకుండా దాన్ని దాటినవాడు, చర్చి ఫాదరైనా సరే, సాయంత్రం అందరికీ తెల్ల వైన్ పోయించవలసిందే.

"దూది పెట్టుకున్నాను కదా కాస్పర్ గారూ!"

"దూది పంటినొప్పికి పెట్టుకో. చెవికి ఇది పెట్టుకో. పోయిన పన్నుకు కట్టుడుపన్ను ఉంది. పోయిన చెవికి ఏముందిరా?"

ఇంత చెప్పి, ఆయన తన ఎడమ కప్పును చెవి వెనక్కి తోసుకునేవాడు. రోజంతా అది అక్కడే ఉండేది. అడిగితే ఒకటే జవాబు: "అందరం చెవులు మూసుకుంటే, 'ఆపండి' అన్న కేక ఎవడికి వినపడుతుంది?"

న్యాయంగా చెప్పాలంటే, ఆ రోజుల్లో అది కొట్టిపారేయదగిన వాదన కాదు. కానీ ఏడేళ్ల కిందట కొత్తరకం కప్పులు వచ్చాయి. అవి తుపాకీ మోతను అడ్డుకుని, మాటలనూ చిన్న చప్పుళ్లనూ మాత్రం లోపలికి రానిస్తాయి. షూటింగ్ సంఘం సమావేశంలో వాటికోసం గంటసేపు వాదించి, ఒక్కొక్కరు కాల్చే ఎనిమిది వరుసలకూ కొనిపించినవాడు కాస్పరే. తనకు మాత్రం తీసుకోలేదు. "అవి కుర్రాళ్లకు. నాకు నా చెవి ఉంది" అన్నాడు.

అప్పటికే అది ఎంతవరకు ఉందన్నది అనుమానమే. మగవాళ్ల బొంగురు గొంతులు ఆయనకు వినపడేవి. సన్నని చప్పుళ్లు ఒక్కొక్కటే సెలవు తీసుకుంటూ వచ్చాయి. తన ఈల మోత తనకే అందక, ఏటికేడాది మరింత గట్టిగా ఊదేవాడు. భార్య వ్రేనీ ఈ విషయాన్ని నాతో దాపరికం లేకుండానే చెప్పింది.

"పాతికేళ్లు ఆ కప్పు సరిగా పెట్టుకోవయ్యా అంటే వినలేదు. ఇప్పుడు వినపడట్లేదు. నాకైతే పెద్ద తేడా తెలియట్లేదు."

ఊరంతటికీ తెలుసు. అయినా ఎవరూ నోరు మెదపలేదు. దానికి కారణం చెప్పాలంటే, నాకు అంత ఘనత తెచ్చిపెట్టని సంగతి ఒకటి చెప్పాలి.

కాస్పర్‌కు ముందు ఈల ఫ్రిడొలిన్ లుస్సర్ దగ్గర ఉండేది. ఆయన చెవుల్లో రెండు ఖాళీ తూటా గొట్టాలు దోపుకునే పాతకాలపు మనిషి. అప్పుడు నలభై రెండేళ్లవాడైన కాస్పర్ ఒక నియమం ప్రతిపాదించాడు: అరవై అయిదు దాటిన మాస్టరు వినికిడి మీద సభ్యుల్లో ఎవరికి సందేహం వచ్చినా, ఆయన వైద్యుడి కాగితం చూపాలి, లేదా ఈల అప్పగించాలి. సమావేశంలో ఫ్రిడొలిన్‌ను "మీకేమైనా అభ్యంతరమా?" అని ఒకసారి అడిగారు. ఆయన అందరి మొహాలూ చూసి, నవ్వి, తల ఊపాడు. కార్యదర్శిగా నేను 'ఏకగ్రీవం' అని రాశాను; ఈల కాస్పర్ మెడలోకి వచ్చింది. ఆయనకు ప్రశ్న వినపడిందో లేదో ఎవరూ విచారించలేదు, నాతో సహా. కాబట్టి, కాస్పర్‌కు అరవై ఎనిమిదేళ్లు వచ్చినా, ఆ నియమాన్ని పైకి తీసే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

చివరికి దాన్ని పైకి తీసింది ఒక ఆవు.

మే నెలలో ఒక శనివారం. ఎనిమిది వరుసల్లోనూ కాల్పులు జరుగుతున్నాయి. ఉన్నట్టుండి మూడో వరుసలో ఉత్తరాలు పంచే రోజ్‌మరీ రైఫిలు కింద పెట్టి చెయ్యెత్తింది. పక్కవాడు ఆపాడు. క్షణంలో ఎనిమిది రైఫిళ్లూ నిశ్శబ్దమయ్యాయి.

"ఎవడు ఆపమన్నాడు?" అని గర్జించాడు కాస్పర్. "ఈల నా దగ్గరుంది!"

"గంట, కాస్పర్ గారూ! గంట!" అని రోజ్‌మరీ అరిచింది.

ఆయన ఆమె పెదవులు చూశాడు, తరువాత చేతి గడియారం చూశాడు. "గంట ఎక్కడయ్యింది? ఇంకా ఇరవై నిమిషాలుంది. పేల్చండి!"

ఎవరూ పేల్చలేదు. ఎవరూ నవ్వలేదు కూడా. రోజ్‌మరీ వేలెత్తి చూపించింది. నాలుగో గురిబల్ల కింద, కంచె తెంచుకు వచ్చిన ఒక గోధుమరంగు ఆవు మెడలో గంట ఆడిస్తూ తీరిగ్గా గడ్డి మేస్తోంది. అది కాస్పర్ ఆవు, ఫ్లోరా. వంటింట్లో కళ్లు మూసుకు కూర్చుని, గంట మోతను బట్టి పదకొండు ఆవుల పేర్లూ చెప్పగలనని పందాలు కాసిన మనిషి ఆయన. మూసిన చెవులున్న ఎనిమిదిమందికీ ఆ గంట వినపడింది. తెరిచిన చెవి ఉన్న ఒక్కడికే వినపడలేదు.

తన ఆవును తనే తోలుకొస్తానని ఆయన గడ్డిలోకి దిగి నడిచాడు. ఫ్లోరా మెడపట్టీ పట్టుకుని ఎడమ పక్కన నడిపించుకు వస్తున్నాడు. సగం దూరంలో ఆగాడు. గంట వైపు చూసి, కప్పులు మెడ మీదికి దించి, ఆవును కుడి పక్కకు మార్చుకుని, మిగిలిన దారి మెల్లగా నడిచాడు.

బుధవారం సాయంత్రం సమావేశం. సందేహం ఎవరిదని అధ్యక్షుడు ఆంటన్ అడిగితే, నాదేనని చెప్పాను. ఆంటన్ సిగ్గుతో సగం మాటలు మింగుతూ నియమం చదివి, "నీకేమైనా అభ్యంతరమా కాస్పర్?" అన్నాడు. ఆయన కాస్పర్‌కు ఎడమ పక్కన కూర్చున్నాడు.

కాస్పర్ అందరి మొహాలూ చూసి, నవ్వి, తల ఊపాడు.

నా కలం కాగితం మీద ఆగిపోయింది. లేచి ఆయన కుడి పక్కకు వెళ్లి, ఆ ప్రశ్ననే గట్టిగా మళ్లీ అడిగాను.

ఆయన నవ్వు పోయింది. నా వైపు తిరిగి అన్నాడు: "ఫ్రిడొలిన్‌ను ఎన్నిసార్లు అడిగారు?"

"ఒక్కసారే."

"అయితే నన్నూ ఒక్కసారే అడిగినట్టు రాసుకో. నాకు వినపడిందని రాయి." ఈలను మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. "ఆవు వినికిడి మీద మాత్రం సందేహాలు పెట్టుకోకండి. దానికి నా ఈల ఎప్పుడూ వినపడేది. లెక్కచేసేది కాదంతే."

ఈల ఇప్పుడు రోజ్‌మరీ మెడలో ఉంది. మరుసటి శనివారం కాస్పర్ మామూలు సభ్యుడిలా రైఫిలుతో వచ్చి పసుపు గీత దాటి నిలబడ్డాడు. అలవాటు కొద్దీ ఎడమ కప్పు చెవి వెనకే ఉంది.

"కప్పు సరిచేసుకోండి కాస్పర్ గారూ," అంది రోజ్‌మరీ.

ఆయనకు వినపడలేదు. ఆమె చెయ్యి చాచి, దాన్ని చెవి మీదికి లాగింది. సాయంత్రం అందరికీ తెల్ల వైన్ ఆయనే పోయించాడు.