ఆవలికి పోయే మాటలు

ఆ రోజుల్లో నాకు తెలిసినది పిడికెడు, తెలిసినట్టు కనిపించాలనే ఆశ గంపెడు. పంతొమ్మిది వందల నలభైలలో, మదనపల్లెలో బైండింగు షాపులో పనిచేసేవాడిని. లైబ్రరీ వాళ్ళ పెద్ద ఇంగ్లీషు నిఘంటువు చినిగిపోతే, భాగాలుగా మా షాపుకు పంపేవారు. మొదట 'టి' భాగం వచ్చింది. అట్టకు పూసిన బంక ఆరేలోగా 'ట్రాన్స్' మాటలన్నీ కంఠతా పట్టాను. లాటిన్‌లో ఆ ముక్కకు ఆవలికి అని అర్థం. (మిగతా అక్షరాలు ఇంకా బైండింగుకు రాలేదని ఎవరికీ చెప్పలేదు.)

అప్పుడే పుంగనూరు సంబంధం వచ్చింది. అమ్మాయి మిషన్ ఆస్పత్రిలో నర్సు, తండ్రి లేడు, తల్లికి ఒక్కతే బిడ్డ. చర్చిలో ఆమె పాట విన్ననాటి నుంచే నాకు వేరే సంబంధం మీద మనసు లేదు. పాస్టరుగారిని వెంటబెట్టుకుని పెళ్ళిచూపులకు వాళ్ళింటికి వెళ్ళాను. పాస్టరుగారి ప్రార్థన ముగిసింది, కాఫీ వచ్చింది.

"ఏమప్పా, బాగా సదువుతావంట కదా, మాకూ రెండు ముక్కలు సెప్పు," అంది తల్లి.

అంతే చాలు నాకు. ట్రాన్స్‌పోర్ట్‌లో పోర్టారే అంటే మోయడం, ఆవలికి మోయడం. ట్రాన్స్‌ఫర్‌లో ఫెర్రే అంటే తీసుకుపోవడం. ట్రాన్సిట్‌లో ఈరే అంటే పోవడం. ఒక్కో మాటకూ తల్లి ముఖం వాడిపోతూ వచ్చింది.

"నీ పనికి ట్రాన్స్‌ఫర్లు ఉంటాయా అప్పా?"

"సదువుకున్నోడికి ఏ ఊరైనా ఒకటేనమ్మా! పలమనేరు, బెంగుళూరు, యాడికైనా పోతా." (బంక పూసేవాడికి ట్రాన్స్‌ఫరా!)

తలుపు దగ్గర నుంచి అమ్మాయి అంది: "అన్నీ ఆవలికి పోయే మాటలే సెప్తాండారే. ఈడనే ఉండే మాట ఒకటీ లేదా?"

పాస్టరుగారు నవ్వారు. నా దగ్గర నిజంగానే లేదు. మూడో రోజు కబురొచ్చింది: ఒక్కగానొక్క బిడ్డను ఊళ్ళు తిరిగేవాడికి ఇవ్వలేమని.

నెల తర్వాత 'ఆర్' భాగం వచ్చింది. 'రి' అంటే వెనక్కి. రిమైన్‌లో మనేరే అంటే ఉండడం, అందరూ పోయాక వెనక ఉండిపోవడం. బంక తడిగా ఉండగానే పుస్తకం మూసి, పుంగనూరు పోయే బొగ్గుతో నడిచే బస్సెక్కాను. దారంతా లాటిన్ వల్లించుకున్నాను.

"మళ్ళా యాల వస్తివప్పా?" అంది తల్లి గడపలో నిలబడి.

లాటిన్ మొత్తం మరిచిపోయాను. "ఈడనే షాపు పెట్టుకుంటానమ్మా. యాడికీ పోను," అన్నాను.

ఆమె పక్కకు జరిగి, లోపలికి దారి ఇచ్చింది.

మొన్న మా ఆవిడా నేనూ మదనపల్లె వెళ్ళినప్పుడు లైబ్రరీలో ఆ 'ఆర్' భాగం తీసి చూశాను. నా తొందరకు అతుక్కుపోయిన రెండు పేజీలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిలో ఏ మాటలున్నాయో నాకు నేటికీ తెలియదు. ఆనాటి కుర్రవాడైతే చించైనా చదివేవాడు. నేను మెల్లగా మూసి పెట్టి వచ్చేశాను.