అవ్వ మానుకున్న చిటిక

ఆవులింతకు అన్న ఉన్నాడు గాని తుమ్ముకు తమ్ముడు లేడంటారు. రాచర్ల దగ్గర మా పల్లెలో ఆ అన్న ప్రతి ఆదివారం ప్రార్థన గుడికి వచ్చేవాడు. గిద్దలూరు నుంచి బండిలో వచ్చే పాస్టరు అయ్యగారి ప్రసంగం ఎండెక్కేదాకా సాగేది. వారమంతా కూలికి పోయివచ్చిన జనం. ఒకరు నోరు తెరిస్తే వరసంతా తెరిచేది.

మా అవ్వ, నాయన తల్లి, ముసలితనంలో బాప్తిస్మం తీసుకుంది. ఆమె మొదటిసారి ప్రభువు బల్లలో పాలు పొంది రొట్టె తీసుకోవాల్సిన రోజు, ఉతికిన తెల్లచీర కట్టుకుని ముందువరసలో కూర్చుంది. పక్కన ఆరేళ్ల నేను. రొట్టె విరిచే ముందు అందరూ మౌనంగా ఉన్నప్పుడు నేను పెద్దగా ఆవులించాను. అవ్వ నా నోటి ముందు చిటిక వేసింది. ఆవులిస్తే ప్రాణం బయటికి తొంగిచూస్తుందనీ, చిటిక వింటే వెనక్కి పోతుందనీ ఆమె నమ్మకం. గుడంతా వినబడింది.

"అది మనం విడిచిన ఆచారం గదమ్మా," అన్నారు అయ్యగారు.

"పిల్ల నోరు తెరిస్తే చేయి ఊరికే పోయింది అయ్యా."

"అది మానుకున్నాక బల్లకు రా."

ఆవులించింది నేను, రొట్టె పోయింది ఆమెకు. అయ్యగారి మీద ఆ కోపం నాకు ఏళ్లతరబడి తగ్గలేదు.

ఆ తర్వాత అవ్వ గుడిలో రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేది. నేను పళ్లు బిగించి ఆవులింత ఆపుకునేదాన్ని. ముక్కుపుటాలు అదిరేవి, చెవులు గుయ్‌మనేవి, కళ్లలో నీళ్లు తిరిగేవి. మింగిన ఆవులింత ఇంకో రెండింటిని వెంటబెట్టుకొచ్చేది. నేను నోరు తెరిచినప్పుడల్లా అవ్వ నా వైపు భయంగా చూసేది గాని చేయి తీసేది కాదు. నాలుగు నెలలకు ఆమెకు రొట్టె ఇచ్చారు.

నాకు పెళ్లయిన ఏడాది అవ్వ మంచం పట్టింది. అన్నం మానేసి, ఊరికే ఆవులించేది. ఒంట్లో సత్తువ పోయేటప్పుడు ఆవులింతలు అట్లాగే వస్తాయన్నాడు వైద్యుడు. ఒక పొద్దున ఆ అయ్యగారే రొట్టె తీసుకుని ఇంటికి వచ్చారు. ఆయనా ముసలివారయ్యారు. ప్రార్థన మధ్యలో అవ్వ నోరు తెరిచింది. ఆమె చేతులు దుప్పటి కిందనే ఉన్నాయి.

నేను చిటిక వేశాను.

అయ్యగారు కళ్లు తెరిచి చూశారు.

"చేయి ఊరికే పోయింది అయ్యా," అన్నాను.

ఆయన అవ్వ నోరు మూసుకోకముందే రొట్టె ముక్క నాలుక మీద పెట్టారు.